తిరుపతి ఎండ, వాన, చలి: ఏడాది పొడవునా తరచుగా అడిగే ప్రశ్నలు

దర్శనానికి వచ్చే చుట్టాలు, కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, యూనివర్సిటీలో చేరిన పిల్లలు, చంద్రగిరి వైపు మామిడి తోటలున్న రైతులు ఏటా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది. మీకు కావలసినది వెతుక్కుని చదువుకోండి.

## ముందుగా ఏడాది లెక్క

తిరుపతిలో ఏడాదికి ఎంత వాన పడుతుంది?

ఉమ్మడి చిత్తూరు జిల్లా సగటు 900 మిల్లీమీటర్ల పైచిలుకు. పడమటి మండలాలతో పోలిస్తే తిరుపతి సముద్రానికి దగ్గర, వెనకాల శేషాచలం కొండలు కూడా ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఇంకాస్త ఎక్కువే పడుతుంది. రాయలసీమ అనగానే అనంతపురం గుర్తొచ్చి ఇక్కడా వానలుండవు అనుకుంటారు. అది తప్పు. మనకు వాన తక్కువేం కాదు, పడే రోజులు తక్కువ. బంగాళాఖాతంలో రెండు అల్పపీడనాలు సరైన చోటికి వస్తే ఆ ఏడాది చెరువులు నిండి మొరవ (అలుగు) పోతాయి. రాకపోతే మరుసటి వేసవికి ట్యాంకర్ల కోసం ఎదురుచూడాలి.

జూన్‌లో రుతుపవనాలు వచ్చేశాయని టీవీలో చెప్తారు, మాకేమో చుక్క పడదు. ఎందుకని?

జూన్ 1కి అటూఇటూగా కేరళను తాకేవి నైరుతి రుతుపవనాలు. ఆ గాలి తన తేమలో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమల అవతలే దించేస్తుంది. కనుమలు దాటి కర్ణాటక మీదుగా మన వైపు వచ్చేసరికి అది బాగా పొడిబారి ఉంటుంది. కోస్తా జిల్లాలు, తెలంగాణ జూన్, జూలైలలో తడుస్తుంటే మనం గాలి, దుమ్ము, మబ్బులతో సరిపెట్టుకుంటాం. నైరుతి మనకు వాన ఇవ్వదని కాదు. ఇస్తుంది, కానీ ఆగస్టు, సెప్టెంబరుల్లో, అదీ సాయంత్రం ఉరుములతో. తిరుపతి అసలు వానాకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాల కాలం. ఏడాది వానలో 40 శాతానికి పైగా ఆ మూడు నెలల్లోనే పడుతుంది. నవంబరు అన్నిటికన్నా తడి నెల. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే తిరుపతి వాతావరణం సగం అర్థమైనట్టే.

మా అమ్మానాన్న వైజాగ్ నుంచి దర్శనానికి వస్తామంటున్నారు. ఏ నెలలో రమ్మనాలి?

పెద్దవాళ్లయితే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా రమ్మనండి. పగలు 30 డిగ్రీలకు అటూఇటూ, రాత్రి 20 లోపు ఉంటుంది, వాన దాదాపు ఉండదు. నవంబరులో కొండ పచ్చగా కనువిందుగా ఉంటుంది కానీ ఏ రోజు రైలు ఆగుతుందో, ఏ రోజు ఘాట్ రోడ్డు మూసేస్తారో చెప్పలేం. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట వాళ్లను బయట తిప్పవద్దు.

## ఎండాకాలం

ఎండలు ఎప్పుడు మొదలై ఎప్పటికి తగ్గుతాయి?

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలనే మాట ఇక్కడ చాలావరకు నిజం. మార్చి మొదటి వారం నుంచే పగలు 35 దాటుతుంది. ఏప్రిల్ రెండో వారానికి 40 తగులుతుంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత సగటునే 40కి దగ్గరగా ఉంటుంది, కొన్ని రోజులు 42, 43కి పోతుంది. చిత్తూరు, పుత్తూరు వైపు కత్తిరి ఎండలని పిలిచేది ఈ కాలాన్నే. మే చివరి వారంలో రోహిణి కార్తె వస్తుంది. రోళ్లు పగులుతాయన్నది ఆ ఎండలకే. జూన్ రాగానే తగ్గుతుందని ఆశపడకండి. వాన పడని ఏడాది జూన్ మూడో వారం దాకా 38, 40 మధ్యే నడుస్తుంది.

సూర్యుడు నడినెత్తి మీదికి వచ్చేది ఏప్రిల్‌లో కదా, మరి మేలో ఎండ ఎందుకు ఎక్కువ?

మంచి ప్రశ్న. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదికి వచ్చేది ఏడాదిలో రెండుసార్లు, ఏప్రిల్ చివరి వారంలో, మళ్లీ ఆగస్టు మధ్యలో. ఆ మధ్యాహ్నం నిలువుగా పాతిన కర్రకు నీడ కనిపించదు. పిల్లలకు చూపించండి, బడి పాఠం కన్నా బాగా గుర్తుంటుంది. అయితే ఎండ పడిన వెంటనే నేల పూర్తిగా వేడెక్కదు. మార్చి నుంచి మట్టిలో తేమ ఆరిపోతూ వస్తుంది. మే నాటికి ఆవిరి కావడానికి నీళ్లుండవు కాబట్టి వచ్చిన ఎండంతా నేరుగా గాలిని వేడి చేస్తుంది. దానికి పడమటి గాలి తోడవుతుంది. రాయలసీమ మెట్ట భూముల మీదుగా ఆ గాలి బలంగా వీచిన రోజు సముద్రపు గాలి మన దాకా రాలేదు. ఎక్కువ ఉష్ణోగ్రత నమోదయ్యేది అలాంటి రోజుల్లోనే. ఆగస్టులో సూర్యుడు మళ్లీ నెత్తిమీదికి వచ్చినా మబ్బు అడ్డుంటుంది, నేల తడిగా ఉంటుంది, అందుకే అంత కాలదు.

వార్తల్లో 41 అంటారు, నా కారులో 46 చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే, కొలిచిన చోటు వేరు. వాతావరణ శాఖ కొలిచేది నీడలోని గాలి వేడిని. తెల్ల రంగు వేసిన, గాలి ఆడే చెక్క పెట్టెలో, నేలకు సుమారు నాలుగు అడుగుల ఎత్తున థర్మామీటరు పెడతారు. మీ కారు కొలిచేది తారు రోడ్డు మీది గాలిని, అదీ ఇంజన్ వేడి కలిసినదాన్ని. ఒక ఊరిని ఇంకో ఊరితో, ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చాలంటే పెట్టెలోని అంకె కావాలి. లీలామహల్ సర్కిల్‌లో సిగ్నల్ దగ్గర బండి మీద నిలబడ్డ మనిషికి తగిలే వేడి మాత్రం ఆ అంకె కన్నా ఎక్కువే. బయట పనిచేసేవాళ్లు అది గుర్తుంచుకోవాలి.

వడగాలి అని ఎప్పుడు ప్రకటిస్తారు?

మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 ఉండాలి, ఆ తేదీకి ఉండాల్సిన దానికన్నా 4.5 డిగ్రీలు పెరగాలి. తేడా 6.4 దాటితే తీవ్ర వడగాలి. తేడాతో పనిలేకుండా 45కి చేరితే వడగాలి, 47కి చేరితే తీవ్ర వడగాలి. మే నెలలో మన మామూలే 40 దగ్గర కాబట్టి ఇక్కడ వడగాలి ప్రకటన రావాలంటే 44, 45 దాకా పోవాలి. ప్రకటన రాలేదు కదా అని 42లో మిట్టమధ్యాహ్నం కూలి పని చేయించకండి. వడదెబ్బకు నిర్వచనంతో పనిలేదు. చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట తడబడితే మనిషిని నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. తెలివి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి.

రాత్రిళ్లు కూడా ఎందుకింత ఉక్క?

మే, జూన్ నెలల్లో రాత్రి కూడా 27, 28 కన్నా దిగదు. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రి వదులుతుంది. కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల మధ్య గాలి ఆడదు. పొద్దుపోయాక సముద్రం వైపు నుంచి తేమ గాలి వస్తే చెమట ఆరదు. పొడి 40 కన్నా తడి 36 ఒంటికి ఎక్కువ కష్టం. పై అంతస్తులో ఉన్నవాళ్లు మిద్దె మీద చలువ సున్నం కొట్టించుకుంటే గదిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది, ఖర్చూ తక్కువే.

కొండమీద ఎంత చల్లగా ఉంటుంది?

తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంటే తిరుమల 850 మీటర్ల దరిదాపుల్లో ఉంది. వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు తగ్గుతుందన్న లెక్కన నాలుగైదు డిగ్రీల తేడా. చెట్ల నీడ వల్ల అంతకన్నా ఎక్కువ అనిపిస్తుంది. కానీ మాడ వీధుల్లో రాతి నేల మేలో మధ్యాహ్నం ఒంటికాలి మీద కూడా నిలబడనివ్వదు. చలువ పెయింట్ వేసిన దారి మీదే నడవండి. అలిపిరి మెట్లు ఎక్కేవాళ్లు తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరేలోపు పైకి చేరతారు.

మేలో గాలివాన వచ్చి మామిడికాయలన్నీ రాలిపోతున్నాయి. ముందుగా తెలిసే దారుందా?

రోజుల ముందు కచ్చితంగా తెలియదు, గంటల ముందు తెలుస్తుంది. మూడు రోజులు ఎండ విపరీతంగా కాసి, మధ్యాహ్నం పడమట గోపురంలా తెల్లటి మబ్బు లేచి, దాని అడుగు నల్లబడుతుంటే సాయంత్రానికి గాలివాన ఖాయమనుకోండి. రెండు గంటల్లో రాబోయేదాన్ని రాడార్ చూసి వాతావరణ శాఖ ఫోనుకు పంపుతుంది. కాయ కోతకు వారం పది రోజులే ఉందనిపిస్తే, ముందు గాలికి ఎదురుగా ఉన్న పడమటి వరసలు కోయించడం మేలు. రాలిన తోతాపురికి దక్కే ధర ఎంతో చెప్పక్కర్లేదు. పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉచితం. తోటలో పనివాళ్లున్న ప్రతి రైతు ఫోనులో అది ఉండాలి.

## జూన్ నుంచి సెప్టెంబరు

వాన ఎప్పుడూ సాయంత్రమో రాత్రో ఎందుకు పడుతుంది?

ఈ నెలల్లో మన వాన ఎక్కువగా పగటి వేడికి పుట్టే ఉరుముల వాన. మదనపల్లె, పలమనేరు వైపు ఎత్తు నేలల మీద మధ్యాహ్నం మబ్బులు కడతాయి. పైగాలి పడమర నుంచి తూర్పుకు తోస్తుంటుంది కాబట్టి అవి పీలేరు, పాకాల మీదుగా పొద్దుగూకాక తిరుపతికి చేరతాయి. ఆ తర్వాత శ్రీకాళహస్తి, గూడూరు వంతు. పీలేరులో ఉన్న బంధువు సాయంత్రం ఫోన్ చేసి "ఇక్కడ దంచుతోంది" అంటే మీరు మిద్దె మీది బట్టలు తీసుకోవడం మంచిది.

కొర్లగుంటలో కుండపోత, అలిపిరిలో రోడ్డు కూడా తడవలేదు. ఇదెలా?

ఉరుముల మబ్బు అడ్డకొలత కొన్ని కిలోమీటర్లే. అది ఎటు పోతే అటే వాన. జిల్లా సగటు చూసి మీ ఊరి వాన చెప్పలేం అనడానికి కారణం ఇదే. నవంబరులో వాయుగుండం వాన అలా కాదు, జిల్లా అంతా ఒకేసారి ముసురుపడుతుంది.

వర్షాధారంగా వేరుశెనగ ఎప్పుడు విత్తాలి?

మొదటి జల్లుకే విత్తకండి. జానెడు లోతు పదునైతేనే మొలక నిలుస్తుంది. మరీ ఆలస్యం చేసినా చిక్కే. పంట మూడున్నర నెలలు కాబట్టి జూలై దాటి విత్తితే పీకే సమయానికి ఈశాన్య వానలు మొదలై, కాయ చేలోనే మొలకెత్తుతుంది, కట్టె (కాయ తీసిన మొక్క) నల్లబడి పశువుల మేతకు పనికిరాదు. రకం, విత్తన మోతాదు లాంటివి తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలో అడిగి తెలుసుకోండి.

## అక్టోబరు నుంచి డిసెంబరు

ఈశాన్య రుతుపవనాలు వచ్చాయని ఎలా తెలుస్తుంది?

మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో గాలి దిశ మారుతుంది. అప్పటిదాకా పడమర నుంచి వీచినది తూర్పు, ఈశాన్యం నుంచి మొదలవుతుంది. వాన సమయం కూడా మారుతుంది. సాయంత్రపు ఉరుములు తగ్గి, తెల్లవారుజామునో పొద్దునో ఉరుము లేకుండా జల్లులు పడతాయి. తిరుచానూరు అమ్మవారి కార్తీక బ్రహ్మోత్సవాలు ఈ కాలంలోనే వస్తాయి. గొడుగు లేకుండా వాహన సేవలకు వెళ్లకండి.

వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటుతోందంటే తిరుపతికి భయమెందుకు?

మన అర్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. కేంద్రం చెన్నై, పుదుచ్చేరి దగ్గర ఉందంటే దానికి ఉత్తరాన ఉన్న మన మీదికి గాలి నేరుగా సముద్రం నుంచి వస్తుంది, తేమ నిండా మోసుకుని. ఆ గాలి శేషాచలం కొండలకు తగిలి పైకి లేస్తుంది, చల్లబడి ఉన్నదంతా అక్కడే కురుస్తుంది. అందుకే తుపాను కన్ను ఎక్కడుందని కాదు, మన మీదికి గాలి ఎటు నుంచి వస్తోందని చూడాలి. 2020 నవంబరులో నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటినా మన జిల్లా మునిగింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పైకి పోతూ ఇక్కడా కుండపోత కురిపించింది.

2021 నవంబరులో అంత వరద ఎలా వచ్చింది? మళ్లీ వస్తుందా?

ఆ నెల 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. దాంతోనే నేల నానిపోయింది, చెరువులు నిండాయి. వారం తిరగకుండానే ఇంకొకటి వచ్చింది. 18న పగలూ రాత్రీ కురిసిన వానకు కొండ మీది నీరంతా కపిలతీర్థం జలపాతం నుంచి విరుచుకుపడింది, అక్కడి మండపం దెబ్బతింది. ఘాట్ రోడ్లు, నడకదారులు మూసేశారు. శ్రీవారి మెట్టు దారి ఎంతగా కొట్టుకుపోయిందంటే మళ్లీ తెరవడానికి 2022 మే వచ్చింది. స్వర్ణముఖి ఒడ్డున ఇళ్లే కూలాయి. రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు కట్టకు లీకు పడటంతో కింది ఊళ్లను ఖాళీ చేయించారు. కొండకు అవతలి వైపు పడిన వాన చెయ్యేరులో చేరి 19న అన్నమయ్య డ్యాం తెగింది, రాజంపేట వైపు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడ్డాయి. వాన ఆగాక కూడా రోజుల తరబడి కొండ జారుతుందని అప్పుడు అందరికీ తెలిసింది.

మళ్లీ వస్తుందా అంటే, రాకుండా ఉండదు. సముద్రం వేడెక్కుతున్న కొద్దీ గాలి మోసే తేమ పెరుగుతుంది, ఒక్కరోజులో పడే వానా పెరుగుతుంది. నాకు ఎక్కువ బాధ కలిగించేది వాన కాదు, ఆ నీళ్లు పోవలసిన దారులు. ఒక చెరువు నిండితే దాని మొరవ కింది చెరువుకు పారేలా పెద్దలు గొలుసుకట్టుగా తవ్వించారు. ఆ కాలవల మీద ప్లాట్లు వేసి ఇళ్లు కట్టాం. స్థలం కొనేముందు పాత రెవెన్యూ పటంలో అక్కడ వంక గానీ కాలవ గానీ ఉందేమో తప్పక చూడండి. ఎండాకాలంలో చూసి కొనకండి, నవంబరులో ఒక పెద్ద వాన తర్వాత వెళ్లి చూడండి.

ఎల్లో, ఆరెంజ్, రెడ్ అలర్ట్ అంటే ఎంత వాన?

24 గంటల్లో 64.5 మి.మీ. దాటితే భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. రంగులు వాన కొలతతో పాటు నష్టం ఎంత జరగవచ్చో కూడా చెప్తాయి. పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త పడండి. ఎరుపు ప్రకటించిన రోజు ప్రయాణం వాయిదా వేసుకోండి.

ఊళ్లో ఏయే చోట్ల జాగ్రత్త పడాలి?

అన్నిటికన్నా ముందు రైల్వే అండర్ బ్రిడ్జీలు. వెస్ట్ చర్చి దగ్గరి వంతెన కింద గంట వానకే నిలువెత్తు నీళ్లు చేరతాయి. 2021 అక్టోబరులో అక్కడ వాహనం నీళ్లలో చిక్కుకుని ఒక ప్రాణం పోయింది. నీటి లోతు కళ్లకు తెలియదు, ముఖ్యంగా రాత్రిపూట. ముందున్న బండి దాటింది కదా అని దిగవద్దు. స్వర్ణముఖి మీది కాజ్‌వేలు, కపిలతీర్థం నుంచి వచ్చే వాగు పక్క వీధులు కూడా అంతే.

ఎల్‌నినో ఏడాది అంటున్నారు, వానలుండవా?

ఎల్‌నినో అంటే పసిఫిక్ మహాసముద్రపు నీళ్లు మామూలు కన్నా వేడెక్కడం. నైరుతి కాలానికి ఆ భయం సరైనదే. కానీ ఎల్‌నినో ఉన్న ఏడాది మన ఈశాన్య వానలు సాధారణంగా బలపడతాయి. 2015లో ఎల్‌నినో చాలా బలంగా ఉంది, ఆ నవంబరు, డిసెంబరుల్లోనే చెన్నై, నెల్లూరు, చిత్తూరు వరదల్లో మునిగాయి. అయితే 2021లో ఉన్నది లానినా, అంటే ఆ నీళ్లు చల్లబడే ఏడాది, అయినా ఎంత వరద వచ్చిందో చూశాం. కాబట్టి ఒక్క పేరు విని పంట నిర్ణయాలు చేయకండి.

## చలికాలం

తిరుపతిలో స్వెట్టర్ కావాలా?

ఊళ్లో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది, బండి మీద వెళ్తే తప్ప అవసరం రాదు. కొండమీద మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి. వైకుంఠ ఏకాదశికి క్యూలో రాత్రంతా కూర్చునే పిల్లలకు, ముసలివాళ్లకు మఫ్లరు, సాక్సులు ఉండాలి. మంచు కమ్మిన పొద్దున ఘాట్ రోడ్డులో పది అడుగుల ముందు బస్సు కనపడదు.

జనవరిలో మబ్బు పట్టి చినుకులు పడితే మామిడి పూతకు మంచిదా?

కాదు. పూత మీద చినుకు పడితే పుప్పొడి కడుక్కుపోతుంది, తేనెటీగలు తిరగవు. మబ్బు, మంచు కలిస్తే తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఎగబడతాయి. డిసెంబరు చివరి దాకా వాన సాగిన ఏడాది చెట్టు పూత బదులు చిగురు వేస్తుంది, పూత వెనకబడుతుంది. నవంబరులో బాగా కురిసి, డిసెంబరు సగంలో ఆగి, తర్వాత పొడిగా చలి పడితే ఆ ఏడాది తోట చూడముచ్చటగా పూస్తుంది.

## కొలతలు, సమాచారం

ఒక మిల్లీమీటరు వాన అంటే నీళ్లెన్ని?

చదరపు మీటరుకు ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 50 మి.మీ. పడితే 4,600 లీటర్లకు పైనే, అంటే ఒక చిన్న ట్యాంకరు. ఎకరాకు ఒక్క మిల్లీమీటరు నాలుగు వేల లీటర్లు. మిద్దె నీటిని గొట్టంతో ఇంకుడు గుంతకు మళ్లిస్తే మీ బోరుకే లాభం.

సాధారణం కన్నా 25 శాతం ఎక్కువ వాన అన్నారు, మా బోరేమో మార్చికే ఎండింది. ఎందుకు?

20 శాతం లోటు నుంచి 20 శాతం అదనం మధ్య ఉంటే సాధారణం, పైన ఉంటే అధికం అంటారు. ఆ శాతానికి వాన ఎన్ని రోజుల్లో పడిందన్నది పట్టదు. మూడు రోజుల్లో 400 మి.మీ. పడితే ఎక్కువ భాగం స్వర్ణముఖిలో పారి సముద్రంలో కలుస్తుంది. అదే 400 ముప్పై రోజుల్లో పడితే భూమిలోకి దిగుతుంది. రాతి నేల ఉన్న చోట ఇంకడం మరీ నెమ్మది.

ఇంట్లో నేనే వాన కొలవచ్చా?

కొలవవచ్చు, కొలవాలి కూడా. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న పాత్ర తీసుకోండి. చెట్టు, గోడ అడ్డం లేని చోట, గాలికి పడిపోకుండా నిలబెట్టండి. రోజూ పొద్దున 8.30కి స్కేలు పెట్టి నీటి ఎత్తు చూసి రాసుకోండి. వాతావరణ శాఖ రోజును లెక్కించేది ఆ సమయానికే. 2.5 మి.మీ. అయినా ఉంటేనే వాన రోజు. అడుగు ఇరుకు, మూతి వెడల్పు ఉన్న బకెట్‌లో కొలిస్తే లెక్క తప్పుతుంది.

నమ్మకమైన సమాచారం ఎక్కడ చూడాలి?

అంచనాలకు అమరావతి వాతావరణ కేంద్రం, ఫోనులో మౌసమ్ యాప్. మండలాల వారీ ఎండ, వాన హెచ్చరికలకు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ. రైతులకు మేఘదూత్ యాప్. వాట్సాప్‌లో తిరిగే పాత వరద వీడియోలు తేదీ చూడకుండా ఎవరికీ పంపకండి. మన పక్కనే గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. నేల మీద నుంచి పై ఆకాశం దాకా గాలి కదలికలను కొలిచే పెద్ద రాడార్ అక్కడ పనిచేస్తోంది. సైన్సు చదివే పిల్లలకు అలాంటి చోటు ఇంత దగ్గరలో ఉందని చెప్పండి.